ప్రిస్క్రిప్షన్ అక్కర్లేని వాగు

గాలిలో, నీటిలో ఉన్న విషాలు మనిషి ఒంట్లోకి ఏ దారిన, ఎంత మోతాదులో చేరుతున్నాయో లెక్కగట్టే శాస్త్రం ఒకటుంది. పాశ్చాత్య దేశాలు దీనిమీద తెగ ఖర్చు పెడుతున్నాయి. వాలంటీర్లను వెతకాలి, సంతకాలు పెట్టించుకోవాలి, చేతికి సిలికాన్ పట్టీలు కట్టాలి, రక్తం, మూత్రం పట్టాలి. ఇంత హడావుడి దేనికో అర్థం కాదు. సంతకాల గొడవే లేకుండా ఊళ్లకు ఊళ్లను ప్రయోగంలో చేర్చుకోవచ్చని హైదరాబాద్ పక్కనున్న మన పటాన్‌చెరు ఎప్పుడో నిరూపించింది.

ఈ ఘనతను గుర్తించడానికి స్వీడన్ పరిశోధకులు రావాల్సి వచ్చిందన్నదే బాధ. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే శుద్ధి కేంద్రం ఒకటి అక్కడుంది. దాన్నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఇది శుద్ధి చేశాక వచ్చిన లెక్క అని మరవకండి. రోజుకు సుమారు 45 కిలోలు పోతోందని వాళ్ల అంచనా. స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడుకునే మందు ఇక్కడ ఒక్కరోజులో ఇసకవాగు పాలు. అక్కడి నుంచి నక్కవాగు, ఆపైన మంజీర.

మెడికల్ షాపువాడు చీటీ అడుగుతాడు. వాగు ఏనాడూ అడగలేదు. గేదెకూ, వరిమడికీ, కప్పకూ ఒకటే డోసు. కోర్సు మధ్యలో ఆపేశావేమని కసిరే డాక్టరూ లేడు.

గిట్టనివాళ్లు కోర్టుకెళ్లారు. 1990లో సుప్రీంకోర్టులో మొదలైన కేసు హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో తీర్పు దాకా వచ్చింది. దీర్ఘకాలిక అధ్యయనం అంటే అదీ! ఒకే జనాన్ని ఒకే నీటి ఒడ్డున 27 ఏళ్లు కూర్చోబెట్టగలిగిన పరిశోధన సంస్థ ఇంకెక్కడుంది? కాకపోతే చిన్న లోపం. డోసు ఇవ్వడంలో ఉన్న శ్రద్ధ ఫలితం రాసుకోవడంలో లేదు. ఊళ్లలో తిరిగి జనం రోగాల లెక్క తీయడానికి 2004లో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్లు పూనుకోవాల్సి వచ్చింది.

అలాగని ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చుందనడం అన్యాయం. 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేయించి, పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీటిని హైదరాబాద్ మురుగు కాలువలో కలిపించింది. అక్కడి నుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రం, ఆపైన మూసీ. వాగుకు విముక్తి, నదికి ప్రాప్తి. ఇందులో ఉన్న శాస్త్రీయ దూరదృష్టి చాలామందికి తట్టలేదు. నగరవాసుల కడుపుల్లోంచి వచ్చే కోట్లాది సూక్ష్మజీవులకు, పటాన్‌చెరు యాంటీబయాటిక్‌లకు పైపులోనే పెళ్లిచూపులు ఏర్పాటు చేశారన్నమాట. మందులకు లొంగని సంతానం కలిగితే ఎవరిని తప్పుపడతాం? కాలువ దాటాక అదే మూసీ నీటితో గడ్డి పెంచుతారు, గేదెలకు వేస్తారు. ఆ పాలు నగరానికే వస్తాయి. పరిశోధకులకు కావలసిన దారులన్నీ తెరిచే ఉన్నాయి, టికెట్ కూడా లేదు.

మధ్యలో ఒక్కసారే టెన్షన్ పెట్టారు. వ్యర్థజలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో చెబుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 121 మందులకు పరిమితులట! అదృష్టం, 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ జాబితా మాయమైంది. ఇక ఏ కంపెనీ అయినా పరిమితి దాటిందని నిందించేవాళ్లు, ముందు ఆ పరిమితి ఏ పేజీలో ఉందో చూపించాలి.