ముందు కప్పు, తర్వాతే ఏసీ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దల మాట. ఎండలిప్పుడు రోహిణి దాకా ఆగడం లేదు. ఏప్రిల్ నెలలోనే జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, ఆదిలాబాద్ వైపు 43, 44 డిగ్రీలు నమోదవుతున్నాయి. ఎండ ముదరగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒక్కటే: ఏసీ కొందామా, కూలర్‌తో గడుపుదామా? ఏసీ కొన్నవాళ్లకైనా, కొనలేనివాళ్లకైనా ఆ చర్చ మొదలవ్వాల్సింది ఇంటి కప్పు దగ్గర అని మా అభిప్రాయం.

కాజీపేటలోనో హన్మకొండలోనో డాబా పై అంతస్తు గదిలో రాత్రి పదింటికి స్టూలెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించి చూడండి. పొద్దు గూకి మూడు గంటలైనా అది పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనంలా వెచ్చగా తగులుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను మింగుతుంది. పైన మింగిన వేడి కింది ముఖానికి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే బయట గాలి చల్లబడే వేళకు లోపల ఉడుకు మొదలవుతుంది. ఫ్యాన్ ఆ ఉడుకునే కిందికి దించుతుంది. రేకుల ఇంటి తీరు దీనికి తలకిందులు. రేకు వేడిని దాచుకోదు. మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఇల్లు కొలిమి అవుతుంది, రాత్రి తొమ్మిది దాటితే రేకు చల్లారుతుంది. కాబట్టి స్లాబు ఇంట్లో ముసలివాళ్లను రాత్రి కింది అంతస్తుకో వాకిట్లోని నవారు మంచం మీదికో మార్చాలి. రేకుల ఇంట్లో ఉన్నవాళ్లను పదకొండు నుంచి నాలుగు దాకా చెట్టు నీడకో గుడికో బడికో తరలించాలి. రెండిళ్లకూ ఒకే జాగ్రత్త చెబితే సగం మందికి అది పనికిరాదు.

కప్పుకు ఉన్న మందుల్లో అన్నిటికన్నా చవకైనది సున్నం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు స్లాబుకు రెండు పూతలు వేయడానికి మూడు కిలోల దాకా సున్నం పడుతుంది. డ్రమ్ములో పన్నెండు లీటర్ల నీళ్లు పోసి, అందులో ఐదు కిలోల సున్నం కొద్దికొద్దిగా వేసి రాత్రంతా నాననివ్వాలి. రాయి సున్నమైతే నీళ్లు తగలగానే కుతకుత ఉడికి చిమ్ముతుంది. ముఖం దూరంగా పెట్టాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. తెల్లారి పలుచటి బట్టలో వడగట్టి, వేడి నీళ్లలో కరిగించిన పావు కిలో ఫెవికాల్ లాంటి జిగురు కలపాలి. స్లాబు మీది దుమ్ము, నాచు గీకి, కడిగి, తడిగా ఉండగానే పూయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఎండలో పొడి స్లాబు మీద పూస్తే నీళ్లు నిమిషంలో ఆవిరైపోతాయి. సున్నం గట్టిపడే వీలు లేక పొడిగా రాలుతుంది, కాలికి అంటుతుంది. సాయంత్రం ఆరు తర్వాత ఒక పూత, మర్నాడు అదే వేళకు దానికి అడ్డంగా రెండో పూత వేయాలి. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి. సున్నం చుక్క కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడిగి, ఆ వెంటనే దవాఖానకు పోవాలి. పూత సరిగ్గా అంటితే గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా తెలుస్తుంది. వానకాలం దాన్ని కడిగేస్తుంది కాబట్టి ఏటా మళ్లీ వేయాల్సిందే.

రేకుల మీద పద్ధతి వేరు. సిమెంటు రేకుకు సున్నం అంటుతుంది గానీ దాని మీద నేరుగా కాలు పెట్టకూడదు. బోల్టుల వరస వెంట, అంటే కింద దూలం ఉన్నచోట పలక వేసుకుని ఆ పలక మీదే నడవాలి. పాత రేకును పొడిగా తీగ బ్రష్షుతో రుద్దితే ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి, మెత్తటి చీపురుతోనే తుడవాలి. ఇనుప రేకుకు సున్నం నిలవదు. దానికి తెల్ల పెయింటు వేయాలి, లేదా రేకుకు ఒక అడుగు ఎత్తున కట్టెలు నాటి గ్రీన్ నెట్ కట్టాలి. నెట్ రేకుకు ఆనుకుంటే ప్రయోజనం సగానికి పడిపోతుంది. మధ్యలోంచి గాలి పోవడమే అక్కడ పని చేసేది. లోపలి వైపు తాటాకు తడకలు కట్టే అలవాటు మంచిదే గానీ, వంట పొయ్యి మీద, కరెంటు వైర్ల పక్కన కట్టొద్దు.

ఇక ఏసీ. పది పన్నెండు అడుగుల గది పై అంతస్తులో ఉంటే, ఎండకు కాగిన నల్లబడ్డ స్లాబు ఒక్కటే దాదాపు ఒక కిలోవాటు వేడిని కిందికి దించుతుంది. టన్ను ఏసీ తోడగలిగేది మూడున్నర కిలోవాట్లు. అంటే కొన్న ఏసీ బలంలో మూడో వంతుకు దగ్గరి భాగం కప్పుతో పోరాడడానికే పోతోంది. 'టన్ను సరిపోవట్లేదు, టన్నున్నర కావాలి' అనే ముందు స్లాబు పైకి పోయి చూసి రావాలి. బయటి యూనిట్‌ను పడమటి గోడకు, వెనక జాగా లేకుండా బిగిస్తే అది తన వేడి గాలినే తాను పీల్చుకుంటుంది. వెనక ఒక అడుగు, ముందు మూడు నాలుగు అడుగులు ఖాళీ ఉండాలి. పైన నీడ ఉండాలి గానీ చుట్టూ మూసేయొద్దు. 45 డిగ్రీల మధ్యాహ్నం ఏసీ ఆగి ఆగి తిరుగుతుంటే గ్యాస్ అయిపోయిందని కంగారు పడనక్కర్లేదు. ముందు బయటి యూనిట్ రెక్కల్లో పేరుకున్న దుమ్మును నీళ్లతో కడిగించాలి. గ్యాస్ ఏటా ఖర్చయ్యే వస్తువు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నట్టే. రాగి గొట్టాల జాయింట్ల దగ్గర సబ్బు నురగ పెట్టి, లీకు పట్టి, అది మూసిన తర్వాతే నింపించుకోవాలి. టన్నున్నర ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా లాగించాలి. గదిలోని మామూలు ఫ్యాను లైనుకు కలిపితే ప్లగ్గు కాలిపోతుంది, ఒక్కోసారి ఇల్లే అంటుకుంటుంది.

2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలన్నీ మీట నొక్కగానే 24 డిగ్రీల మీద మొదలయ్యేలా కేంద్రం నిబంధన పెట్టింది. దాన్ని 18కి దించితే గది తొందరగా చల్లబడుతుందన్నది అపోహ. ఏసీ అదే వేగంతో పని చేస్తుంది, ఆగడం మాత్రం మానేస్తుంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుంది. 26 మీద పెట్టి సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పితే ఒంటికి హాయిగానే ఉంటుంది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితం పొందే ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లు, టీవీ కలిపి వంద దాకా తింటాయి. టన్ను ఏసీ రాత్రికి ఆరు గంటలు తిరిగితే నెలకు ఇంకో నూట యాభై. 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. ఇది ఇంటి లెక్క. వాడకట్టు లెక్క ఇంకొకటి ఉంది. 18లో పెట్టిన ఏసీ, పక్క సందులోని పసిపిల్ల ఊయల మీది ఫ్యాను ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తాయి. రాత్రి పదింటికి లోడు పెరిగి అది ట్రిప్పయితే ముందు నలిగిపోయేది ఆ ఊయలే. ఏసీ ఉన్నవాళ్లు ఈ మాట మనసులో పెట్టుకోవాలని చేతులు జోడించి కోరుతున్నాం.

మన దగ్గర ఎక్కువ ఇళ్లను కాచేది కూలర్. పొడి ఎండలున్న ఉత్తర తెలంగాణకు అది తగిన యంత్రం కూడా. బయట 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు గడ్డి బాగా తడిసిన కూలర్ 30 డిగ్రీల దగ్గరి గాలి ఇస్తుంది. అదే కూలర్‌ను తలుపులు, కిటికీలు మూసిన గది మధ్యలో పెడితే అరగంటలో ఒళ్లంతా జిగట. అది బయటి పొడి గాలిని లాగి, తడిపి, లోపలికి వదలాలి. ఆ తడి గాలి పోవడానికి ఎదురు గోడలో కిటికీ సగమైనా తెరిచి ఉండాలి. ట్యాంకులో ఐసు గడ్డలు వేసే అలవాటు వల్ల పెద్దగా ఒరిగేది లేదు. కిలో ఐసు కరిగేటప్పుడు లాగే వేడి, లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు లాగే వేడిలో ఏడో వంతే. ఆ ఐసేదో తాగే నీళ్లకు ఉంచుకుంటే మేలు. బోరు నీళ్ల ఉప్పు గడ్డిని గట్టిపరిచి గాలికి అడ్డం పడుతుంది. మూడు నాలుగు రోజులకోసారి ట్యాంకు పూర్తిగా వంపి మళ్లీ నింపాలి. తెల్ల పొర కట్టిన గడ్డిని మార్చాల్సిందే. వారానికోసారి ట్యాంకును తుడిచి ఆరబెట్టకపోతే డెంగీ దోమ గుడ్డు అందులోనే పెరిగి రెక్కలు తొడుక్కుని బయటికొస్తుంది.

కూలర్ విషయంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది షాకు గురించి. ఏటా ఎండకాలంలో ఇనుప కూలర్ ముట్టి ప్రాణాలు పోయిన వార్తలు మా పేజీల్లో అచ్చవుతూనే ఉన్నాయి. చాలావాటి కథ ఒక్కటే. నీళ్లలో మునిగిన చిన్న పంపు తీగ పైపొర చిట్లుతుంది, ట్యాంకు నీళ్లకు, ఇనుప డబ్బాకు కరెంటు పాకుతుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా బకెట్‌తో నీళ్లు పోస్తున్న తల్లో, పరుగెత్తుకుంటూ వచ్చిన పిల్లాడో దాన్ని ముట్టుకుంటారు. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి నీళ్లు పోయాలి. రెండు పిన్నుల ప్లగ్గు తీసేసి మూడు పిన్నులది పెట్టించాలి, ఆ మూడో తీగ నిజంగా ఎర్తు గుంత దాకా పోతోందా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. ఎర్తు లేని మూడో పిన్ను ఉన్నా లేనట్టే. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టిస్తే కరెంటు మనిషిలోంచి పారిన క్షణంలోనే సరఫరా తెగిపోతుంది. కొత్త కూలర్ కొనే డబ్బులున్న ఇల్లు ముందు ఇది కొనాలి.

ఇప్పుడు ఏసీ, కూలర్ రెండూ లేని ఇల్లు. గది లోపల 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచదు, వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. పొడి ఒంటి మీద అది నిజం. తడి తువ్వాలు, తడి బనీను వేసుకుని అదే ఫ్యాను కింద కూర్చుంటే మన పొడి ఎండల్లో లెక్క మారుతుంది. లీటరు నీరు ఒంటి మీద ఆరిపోతే అది తీసుకుపోయే వేడి యూనిట్ కరెంటులో మూడింట రెండొంతులు. నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు తంబాకు ఎగిరిపోతుందని ఫ్యానే వేసుకోరు. వాళ్లకు మెడ చుట్టూ తడి గుడ్డ, కాళ్లు తడి గోనె మీద పెట్టుకోవడం, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చేట పక్కన పెట్టడం తప్ప వేరే దారి లేదు. రోజుకు ఇన్ని బీడీలు చుట్టాలని లెక్క పెట్టే కంపెనీలు ఎండకాలం ఆ లెక్కను తగ్గించాలి.

కూలి పనులకు మేం చెప్పేదీ ఇదే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ, ఓపెన్ కాస్ట్ గనిలో నల్లటి బొగ్గు మెట్ల మీద పనిచేసే కార్మికుడు, చెరువు మట్టి తీసే ఉపాధి కూలీ, వీళ్లకు పనిలో చేరిన మొదటి వారమే ఎక్కువ ప్రమాదం. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే ఇచ్చి, రోజుకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. నీళ్లు దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో గ్లాసు తాగాలి. సల్ల, ఉప్పేసిన అంబలి పెద్దలిచ్చిన మంచి మందులే. లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేస్తే ఓఆర్‌ఎస్ ఇంట్లోనే తయారు. చెంచాను అంచుకు సమంగా గీయాలి, కుప్పగా పోయొద్దు. పులిసిన కల్లు చలువ చేస్తుందన్న మాట నమ్మొద్దు, అది ఒంట్లో నీళ్లను మూత్రంగా తోడేస్తుంది. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదనీ నమ్మొద్దు.

వడదెబ్బ గుర్తు చెమట ఆగిపోవడమే అనుకుని మోసపోతున్నారు. బరువు పని చేస్తూ పడిపోయినవాళ్లకు చెమట పోస్తూనే ఉండొచ్చు. మాట తడబడితే, పొంతన లేకుండా మాట్లాడితే, ఒళ్లు కాలుతుంటే అది వడదెబ్బే. 108కు ఫోన్ చేస్తూనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు గుమ్మరిస్తూ గట్టిగా విసరాలి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ ఈ వేడిని దించదు. అంబులెన్స్ వచ్చేదాకా నీళ్లు పోయడం ఆపొద్దు. ప్రాణం నిలిచేది ఆ మొదటి అరగంటలోనే.

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. మంచి నిర్ణయం. అంతకు రెండేళ్ల ముందే, 2023లో, చల్లని కప్పుల విధానం తెచ్చిన రాష్ట్రం కూడా మనదే. అయితే ఆ విధానంలో ఇళ్ల విషయానికొస్తే 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలం ఉన్నవాటికే అది తప్పనిసరి. వరంగల్ మురికివాడల్లో, గనుల పక్క బస్తీల్లో అరవై గజాల రేకుల ఇళ్లకు అది వాళ్ల ఇష్టం. కొనగలిగినవాళ్లకు చట్టం, కొనలేనివాళ్లకు ఇష్టం అంటే అన్యాయమే. కార్పొరేషన్లు, మున్సిపాలిటీలు, పంచాయతీలు సున్నం, జిగురు, గ్రీన్ నెట్ తామే తెచ్చి, మహిళా సంఘాలకు కూలి ఇచ్చి, రేకుల ఇళ్ల నుంచి మొదలుపెట్టి పూయించాలి. అంగన్‌వాడీలు, బస్తీ దవాఖానాల కప్పులు ఆ వరసలో ముందుండాలి. నాలుగు వందల చదరపు అడుగుల ఇంటికి పడేది పన్నెండు కిలోల సున్నం.

అసలు అదను శివరాత్రి దాటిన పక్షం రోజులు. అప్పటికి కప్పు ఇంకా కాలదు, సున్నం నింపాదిగా ఆరుతుంది. ఈ ఏడాది అదను తప్పినవాళ్లు చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఇవాళ సాయంత్రం సున్నం నానబెట్టండి, రేపు పొద్దు గూకాక కప్పు మీద నాలుగు బకెట్ల నీళ్లు చల్లి, ఆ తడి మీదే మొదటి పూత వేయండి.