పది రూపాయలకు కేసు, రెండు లక్షలకు రసీదు

మూడంకెల లాటరీ రాస్తున్నవాళ్లు అరెస్టు. మన నెల్లూరు, ప్రకాశం వైపు పేపర్ల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు పడే వార్తే ఇది. ఫొటోలో తలలు దించుకున్న మనుషులు, టేబుల్ మీద సెల్‌ఫోన్లు, కాసిని నోట్లు, చీటీల కట్ట. ఆట తెలిసిందే. మధ్యాహ్నం మూడింటికి కేరళలో డ్రా తీస్తారు, ఆ నంబరు చివరి అంకెల మీద ఇక్కడ టీ బంకు పక్కన పందెం. టికెట్ ఉండదు, తెల్ల కాగితం మీద పెన్నుతో రాసిన మూడంకెలే. తగిలితే డబ్బిస్తాడా లేదా అన్నది మళ్లీ ఇంకో లాటరీ.

వాళ్ల మీద నాకేం జాలి లేదు. కూలి డబ్బు ఇంటికి చేరనివ్వని బాపతు, లోపల వేస్తే మంచిదే. నా గొడవ అది కాదు. లాటరీ వద్దని వాళ్లను పట్టుకుంటున్న సర్కారే 2024 అక్టోబరు 14న ఏం చేసింది?

మద్యం షాపులు ఎవరికివ్వాలో తానే డ్రా తీసింది. అయిదేళ్ల ప్రభుత్వ దుకాణాలు పోయి ప్రైవేటు మద్యం షాపులు వచ్చిన కథ అందరికీ తెలుసు కాబట్టి లెక్కలోకి వెళ్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 3,396 షాపులు, 89,882 దరఖాస్తులు. ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. అంటే డ్రా తీయకముందే ఖజానాకు 1,797 కోట్లు వచ్చి పడ్డాయి, అందులో 1,700 కోట్లకు పైగా ఏమీ దక్కనివాళ్ల డబ్బే. ఒక మనిషి ఎన్ని దరఖాస్తులైనా పెట్టుకోవచ్చు కాబట్టి చేతిలో డబ్బున్నవాళ్లు సిండికేటుగా కూడి పదులకొద్దీ వేశారు, అప్పు చేసి ఒక్కటి వేసినవాడు వాళ్ల మధ్య నలిగిపోయాడు. డబ్బు కట్టు, అదృష్టం చూసుకో, తగలకపోతే నోరు మూసుకో. దీన్ని లాటరీ అనకుండా ఇంకేమంటారు?

కేరళ 1967లో రూపాయి టికెట్‌తో మొదలుపెట్టింది, మొదటి బహుమతి 50 వేలు. ఇప్పుడు ఓనం బంపర్ 500 రూపాయలకు 25 కోట్లు, 2022లో ఏజెంటు కమిషను, పన్ను పోగా గెలిచినవాడి చేతికి 15.75 కోట్లు వచ్చాయి. అదీ జూదమే, కాదనను. ప్రభుత్వం నడిపినా లాటరీ జూదమేనని సుప్రీంకోర్టు 1999లోనే బీఆర్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో తేల్చింది. కాకపోతే అక్కడ కట్టిన డబ్బులో కొంతైనా బహుమతులుగా మళ్లీ జనంలోకి వస్తుంది. మన డ్రాలో ఓడినవాళ్ల సొమ్ము అంతా సర్కారుకే, గెలిచినవాడు మళ్లీ లైసెన్సు ఫీజు కట్టుకోవాలి.

డ్రా లేకపోతే షాపులన్నీ ఎమ్మెల్యే మనుషులకే పోతాయి, చీటీ తీస్తేనే న్యాయం అంటారు. సరే, ఒప్పుకుందాం. న్యాయం కోసమే అయితే ఆ రెండు లక్షలు ఎందుకు? రోడ్డు టెండర్ రాకపోతే కాంట్రాక్టరుకు ఈఎండీ, అంటే ముందుగా కట్టిన ధరావతు, తిరిగిస్తారు కదా, ఇక్కడ ఇవ్వడానికి ఏం అడ్డం? అధికారంలో ఎవరున్నా ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. పక్కన తెలంగాణ 2025లో దరఖాస్తు ఫీజు మూడు లక్షలు చేసి కూర్చుంది.

అసలు సంగతి ఇంకోటి ఉంది. సారా మీద తిరగబడ్డ జిల్లా మన నెల్లూరు. 1992లో దూబగుంట రోశమ్మలాంటి ఆడవాళ్లు, అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి పోయినవాళ్లు, సారా వేలం పాటలు సాగనివ్వకుండా చేశారు. పాట ఎక్కడ జరుగుతుందో తెలుసు, పాడేవాడెవడో తెలుసు, కాబట్టి వెళ్లి అడ్డం పడ్డారు, అధికారులు నెల్లూరులో పాట వాయిదాల మీద వాయిదాలు వేశారు. 1993 అక్టోబరుకు రాష్ట్రమంతా సారా బంద్. ఆ దెబ్బకు సర్కారు నేర్చుకున్న పాఠం మద్యం మానడం కాదు, అడ్డం పడడానికి మనిషి కనబడకుండా చేయడం. ఇప్పుడు పాటగాడు లేడు. వీధిలో రియల్ ఎస్టేట్ ఆయన, ఫైనాన్స్ నడిపే బాబాయి, హైదరాబాదు నుంచి డబ్బు పంపిన బావమరిది, అందరూ దరఖాస్తుదార్లే. గెలిస్తే పార్టీ, పోతే ఏడుపు. షాపు ఊరికి మంచిదా కాదా అని అడిగే మనిషే లేడు, అడిగితే నీకు తగల్లేదని కుళ్లు అంటారు. పైగా భార్యల పేర్ల మీద, తల్లుల పేర్ల మీద కూడా దరఖాస్తులు వేశారు, డ్రాలో షాపులు దక్కినవాళ్లలో ఆడవాళ్లున్నారని పేపర్లు మహిళా సాధికారత లెవెల్లో రాశాయి కూడా. దూబగుంట ఉన్న జిల్లాలో బ్రాందీ షాపు లైసెన్సు మీద ఆడమనిషి పేరు!