గోడ మీద నంబరుంది, గదిలో మనిషి లేడు

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఓ పదిహేడేళ్ల బాలిక కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పింది. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించి ఊరుకోలేదు. విద్యార్థుల ఆత్మహత్యలను ఆపేందుకు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. పిల్లల్ని నలుగురిలో చిన్నబుచ్చకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఇవ్వాలి. ఇవన్నీ జరుగుతున్నాయో లేదో చూడటానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి. తగిన చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలే చట్టంతో సమానమని కూడా కోర్టు స్పష్టం చేసింది.

మన రాష్ట్రం కేసులో వచ్చిన తీర్పు మన దగ్గరే ముందు అమలు కావాలి. విజయవాడ శివార్లలో గూడవల్లి, నిడమానూరు, తాడిగడప, పోరంకి మీదుగా వెళ్తే దారి పొడవునా హాస్టల్ భవనాలే. గుంటూరు బ్రాడీపేటలో ఏ సందులోకి తిరిగినా కోచింగ్ బోర్డులే. రాయలసీమ నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, తెలంగాణ పల్లెల నుంచి కూడా పిల్లల్ని తెచ్చి ఇక్కడ వదిలి వెళతారు. వాళ్ల ఫీజులతో, వాళ్ల కోసం వచ్చే అమ్మానాన్నల ఖర్చులతో ఈ ఊళ్లలో ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. వాళ్ల మనసు బాగోగులు మాత్రం ఎవరి పనీ కాకుండా పోయింది.

నగర శివారులోని ఓ హాస్టల్ నోటీసు బోర్డు మీద మా విలేకరి చూసిన పోస్టరు గురించి చెప్పాలి. ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవానికి అంటించినది. తల పట్టుకుని కూర్చున్న కుర్రాడు, వెనక కిటికీలోంచి బంగారు రంగు వెలుగు. ఆ కుర్రాడి ఎడమ చేతికి ఆరు వేళ్లున్నాయి. ముఖం మన పిల్లల ముఖంలా లేదు. గది మన హాస్టల్ గదిలా లేదు. బంకు మంచాలు, ఆరేసిన తువ్వాళ్లు, మంచం కింద ట్రంకుపెట్టె, ఏవీ లేవు. బొమ్మ మీద పెద్దక్షరాల్లో రాసిన నినాదంలో ఒత్తు విరిగిపోయి ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో 14416 అన్న నంబరు. దాని మీద సగం వరకు వీకెండ్ టెస్ట్ ర్యాంకుల జాబితా అంటించారు. ఆ హాస్టల్లో పిల్లలకు ఫోన్లు ఉండవు. ఆదివారం ఇంటికి మాట్లాడుకోవడానికి వార్డెన్ ఫోనే ఇస్తారు, పక్కనే వార్డెన్ నిలబడి ఉంటాడు. మరి ఆ నంబరుకు ఎవరు చేయాలి, ఎక్కణ్నుంచి చేయాలి?

ఆ పోస్టరు బొమ్మ ఏఐతో చేసినది, దాన్ని గీయడానికి ఒక మనిషికి డబ్బులివ్వలేదు. అది చూసి కదిలిన పిల్లవాడి మాట వినడానికీ ఒక మనిషికి జీతం ఇవ్వలేదు. ఈ రెండూ వేర్వేరు సంగతులని మేం అనుకోవడం లేదు. మనిషి అవసరమైన చోట మనిషిని పెట్టడం ఖర్చు దండగ అనుకునే లెక్కే రెంటికీ మూలం.

14416 అంటే టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మనసు బాగోలేనివారు, వారి ఇంట్లోవారు తప్పక వాడుకోవాలి. అయితే ఫోన్‌లో ధైర్యం చెప్పినవారు ఆ తర్వాత ఎక్కడికి వెళ్లమని చెప్పాలన్నదే ప్రశ్న. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం చికిత్స అవసరమై కూడా అందనివారు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారు. దేశంలో లక్ష జనాభాకు సగటున ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చింది. హక్కు కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు, మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి కొడుకును తీసుకొచ్చే తల్లి ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోగొట్టుకుని ఓపీ లైన్లో ఎందుకు నిలబడాలి? 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి గుంటూరు మూడు జిల్లాలైంది. కలెక్టరేట్లు మూడయ్యాయి, ఎస్పీ ఆఫీసులు మూడయ్యాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉన్న పూర్తి బృందాలు కూడా మూడుండాలి.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. ఒక్కో మరణానికీ ఒక్కటే కారణం వెతకడం తప్పు. ఫలితాల రోజున అలా రాయడం పత్రికలు మానాలి, మేమూ అందులో భాగమే. కానీ బాధ బయటికి చెప్పుకోవడానికి మనిషి దొరకని చోట పిల్లలు ఏం చేస్తున్నారో పెద్దలు తెలుసుకోవాలి. సెలవులకు ఇంటికి వెళ్లగానే ఫోన్ చేతికొస్తుంది. అమ్మకు చెప్పలేనిది అర్ధరాత్రి చాట్‌జీపీటీకి చెబుతున్నారు. ప్రతి వారం తమను వాడేవారిలో 0.15 శాతం మంది సంభాషణల్లో ఆత్మహత్య ఆలోచన స్పష్టంగా కనబడుతోందని చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2025 అక్టోబరులో వెల్లడించింది. అప్పటికి వారానికి 80 కోట్ల మంది వాడేవారు కనుక అది పది లక్షలు దాటిన సంఖ్య. కాలిఫోర్నియాలో పదహారేళ్ల కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు అదే ఏడాది ఆగస్టులో ఆ సంస్థపై దావా వేశారు. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం ఏఐతో మానసిక చికిత్స చేయించడాన్ని చట్టం చేసి మరీ నిషేధించింది. మన పిల్లల్ని తప్పు పట్టే అర్హత మనకు లేదు. అర్ధరాత్రి జవాబిచ్చేది అదొక్కటే అయితే దాని దగ్గరికే వెళతారు.

ఇక బొమ్మల సంగతి. విజయవాడ మొగల్రాజపురంలోని ఓ ఫ్లెక్సీ షాపులో పదిహేనేళ్లుగా కోరల్ డ్రా, ఫొటోషాప్ మీద చేయి తిరిగిన డిజైనర్ ఒకరున్నారు. పెళ్లి కార్డులు, కథల పుస్తకాల అట్టలు, దేవుడి ఉత్సవాల పోస్టర్లు అన్నీ చేశారు. ఇప్పుడు వచ్చేవాళ్లు ఫోన్ చేతికిచ్చి, "అన్నయ్యా, బొమ్మ ఏఐలో వచ్చేసింది, పేర్లు వేసి ప్రింట్ ఇచ్చెయ్, డిజైన్ డబ్బులు దేనికి?" అంటున్నారు. ఏఐ తెలుగు ఒత్తుల్ని ఇంకా కొన్నిసార్లు విరగ్గొడుతుంది, వేళ్లు ఎక్కువ వేస్తుంది. వాటిని సరిచేయడం వరకే ఆయన పని మిగిలింది. బొమ్మ ఆలోచించడం, రంగు ఎంచుకోవడం, అమ్మవారి కళ్లు ఎలా ఉండాలో తేల్చుకోవడం, ఆయనకు ఇష్టమైనవన్నీ పోయాయి. చదరపు అడుగుకింత అని లెక్కగట్టే ప్రింటింగ్ డబ్బులు యజమానివి.

గాంధీనగర్ సినిమా వీధులకు ఇలాంటి దెబ్బ ఒకటి గుర్తుంది. గుడ్డ మీద గళ్లు గీసి, చిన్న ఫొటోను నలభై అడుగుల ముఖంగా పెంచిన బ్యానర్ ఆర్టిస్టులు ఫ్లెక్సీ రాగానే పని లేనివాళ్లయ్యారు. కొందరు గోడ రాతలకు వెళ్లారు, కొందరు తాగుడుకు. వాళ్లను అడిగినవాళ్లు లేరు. ఫ్లెక్సీ యంత్రమైనా బొమ్మను ఒకరు తయారుచేసి ఇస్తేనే అచ్చు వేసింది. కొత్త యంత్రం ఆ ఒకరిని కూడా తీసేస్తోంది, అదీ వాళ్లు గీసిన వాటితోనే నేర్చుకుని. స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మలు వేసే ఏఐకి నేర్పించిన బొమ్మలను ఏరింది 585 కోట్ల బొమ్మల లంకెలున్న లయన్-5బి అనే సంకలనం నుంచి. గీసినవాళ్లను ఒక్క మాట అడగలేదని 2023 జనవరిలో ముగ్గురు చిత్రకారులు అమెరికాలో కోర్టుకెక్కారు. మన దేశంలో కేంద్ర పరిశ్రమల శాఖ కమిటీ 2025 డిసెంబరులో ఇచ్చిన పత్రం, ఏఐ సంస్థలు ఇలా వాడుకున్నందుకు రాయల్టీ కట్టాలని ప్రతిపాదించింది. మంచిదే. పేరు నమోదు చేసుకున్నవాళ్లకే ఆ డబ్బు చేరేట్టయితే ఏ సంఘంలోనూ లేని బెజవాడ డిజైనర్‌కు పైసా రాదు. ఆ నమోదు తెలుగులో, జిల్లా కేంద్రంలో, రుసుం లేకుండా జరిగితేనే దానికి అర్థం.

పని తగ్గిపోయిన మనిషి తనకు మానసిక సమస్య ఉందని చెప్పడు. రాత్రి రెండింటికి మెలకువ వస్తోందంటాడు, ఛాతీ బరువుగా ఉందంటాడు. సూర్యారావుపేటలో ఈసీజీ, ఎకో తీయించుకుంటాడు. అన్నీ నార్మలే అంటారు. బలానికి మాత్రలు రాయించుకుని ఇంటికొస్తాడు. గుండె బాగుందని చెప్పి పంపే డాక్టరు మరో రెండు నిమిషాలు కేటాయించి, పని ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉంది అని అడిగితే చాలామంది అక్కడే బయటపడతారు. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు.

అన్నిటికంటే మాకు ఎక్కువ బాధ కలిగిస్తున్నది డ్రాయింగ్ పీరియడ్ పోవడం. ఒకప్పుడు చాలా హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైన పిల్లలు మళ్లీ మాస్టార్లయ్యేవారు. కార్పొరేట్ స్కూళ్లలో ఎనిమిదో తరగతి నుంచే ఆ పీరియడ్‌ను ఐఐటీ, నీట్‌ల ఫౌండేషన్ క్లాసు మింగేసింది. ప్రభుత్వ బడుల్లో ఖాళీ అయిన పోస్టులు ఖాళీగానే ఉండిపోతున్నాయి. ఇక ఇప్పుడు బొమ్మ ఫోన్‌లో వచ్చేస్తుంటే ఈ చదువెందుకని అడిగేవాళ్లు బయల్దేరారు. మార్కులు లేని, ర్యాంకు లేని, తప్పు పోయినా ఎవరూ తిట్టని గంట ఆ పిల్లవాడికి రోజు మొత్తంలో అదొక్కటే. కళలు ఆరోగ్యానికి చేసే మేలుపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. నొప్పించే మాట నోటితో చెప్పలేని పిల్లవాడు కాగితం మీద నల్లరంగు పులిమితే గమనించే కళ్లు డ్రాయింగ్ మాస్టారివి. బొమ్మ గీయడం వచ్చిన పిల్లలంతా చిత్రకారులు కానక్కర్లేదు. గంటసేపు తమకు తాము మిగిలితే చాలు.

అందుకే అడుగుతున్నాం. ప్రజల డబ్బుతో అచ్చయ్యే ఏ ఆరోగ్య ప్రచార పోస్టరుకైనా స్థానిక చిత్రకారుడితో బొమ్మ గీయించాలి, కింద పేరు వేయాలి. మానసిక ఆరోగ్యానికి అయితే ఆ బొమ్మ హాస్టల్ పిల్లల్ని కూర్చోబెట్టి వాళ్లతో మాట్లాడి గీయాలి. హాస్టళ్లలో 14416కు మాత్రమే కలిసే ఫోన్ ఒకటి, వార్డెన్ గదికి దూరంగా, తలుపు వేసుకునే వీలున్న చోట పెట్టాలి. ఖాళీగా ఉన్న డ్రాయింగ్ పోస్టులు నింపాలి. మా వంతుగా, మా ఆదివారం అనుబంధంలో కథలకు బొమ్మలు చిత్రకారులే గీస్తారు, వారికి పారితోషికం ఇస్తాం. వార్త అవసరం కొద్దీ ఏఐ బొమ్మ వేయాల్సి వస్తే దాని పక్కనే ఆ మాట రాస్తాం.

కాలేజీ యాజమాన్యాలు ఖర్చు మాట ఎత్తుతాయి. అడ్మిషన్ల సీజన్లో ఊరూరికీ పీఆర్వోలను పంపగలిగిన సంస్థకు ఒక కౌన్సెలర్ జీతం భారమంటే నమ్మడం కష్టం. చాలాచోట్ల ఆ బాధ్యతను ఫిజిక్స్ లెక్చరర్‌కో, ఫ్లోర్ ఇన్‌చార్జికో అదనంగా అంటగడుతున్నారు. పొద్దున మార్కులు తక్కువొచ్చాయని తిట్టిన మనిషి దగ్గరికే సాయంత్రం మనసు విప్పుకోవడానికి ఏ పిల్లవాడూ వెళ్లడు. ఎన్టీఆర్, గుంటూరు, కృష్ణా జిల్లాల కలెక్టర్లు తమ కమిటీల తనిఖీ నివేదికలను కాలేజీల వారీగా బయటపెట్టాలి. ఏ క్యాంపస్‌లో ఎంతమంది పిల్లలు, ఎంతమంది కౌన్సెలర్లు, వారి అర్హత ఏమిటో తల్లిదండ్రులకు ఫీజు కట్టే ముందే తెలియాలి. అడ్మిషన్ల ప్రకటనల్లో ర్యాంకర్ల ఫొటోల పక్కన కౌన్సెలర్ పేరు, చదువు కూడా వేయాలని ఆదేశించాలి. ఆ ప్రకటనలు మా పత్రికకూ వస్తాయి. ఇకపై ఆ వివరం అడిగాకే ప్రకటన తీసుకోవాలని మా ప్రకటనల విభాగానికి చెప్పాం.