"నా లాగిన్‌లో ఆ ఆప్షన్ లేదు పెద్దమ్మా"

ఉదయగిరి వైపు మెట్ట ఊరొకటి. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ టేబుల్ ముందు మా పక్కింటి పెద్దమ్మకు తోడుగా నేనూ కూర్చున్నాను. ఆమెకు రావాల్సిన ఒక పథకం ఆగిపోయింది. కారణం స్క్రీన్ మీదే ఉంది: కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటింది. ఆమె ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఎవరిదో మీటరు ఆమె ఆధార్‌కు తగులుకుంది. ఆమె కొడుకు కావలిలో అద్దెకున్నప్పటి ఇంటి ఓనరుది అయ్యుంటుందని మా అనుమానం.

"అబ్బయ్యా, ఆ మీటరు నాది కాదయ్యా" అందామె.

"నాకు తెలుసు. నా లాగిన్‌లో ఆ ఆప్షన్ లేదు పెద్దమ్మా" అన్నాడా కుర్రాడు.

అతను చెప్పింది నిజమే. మీటరును విడదీయాల్సింది కరెంటు ఆఫీసు. అక్కడికి పోతే సచివాలయం నుంచి రావాలన్నారు.

డిజిటల్ పాలసీ అనగానే ఎన్ని యాప్‌లు, ఎన్ని సేవలు అని లెక్కలు చెబుతారు. దాన్ని నడిపే సంస్థను ఎలా కట్టామన్నది పెద్దగా చర్చకు రాదు. పైస్థాయిలో సంస్థలు పెట్టడం మనకు కొత్తేం కాదు. ప్రభుత్వ శాఖలకు కంప్యూటరు వ్యవస్థలు కట్టిపెట్టే కేంద్ర సంస్థ ఎన్‌ఐసీ 1976 నాటిది. ఆధార్ సంస్థ 2009లో ప్రభుత్వ ఉత్తర్వుతో మొదలైతే, చట్టం 2016లో గానీ రాలేదు. ఆ ఏడేళ్లలోనే కోట్లమంది వేలిముద్రలు వేసేశారు. పంచాయతీలకు ఫైబర్ లాగడానికి 2012లో బీబీఎన్‌ఎల్ అని ప్రత్యేక కంపెనీ పెట్టి, పనిని బీఎస్‌ఎన్‌ఎల్, రైల్‌టెల్, పవర్‌గ్రిడ్‌లకు పంచారు. 2022లో ఆ కంపెనీని బీఎస్‌ఎన్‌ఎల్‌లోనే కలిపేయాలని కేబినెట్ నిర్ణయించింది. పని ఎవరిదో తేలడానికే పదేళ్లు!

కింద మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాయి. గ్రామ, వార్డు సచివాలయాలు కలిపి దాదాపు 15 వేలు. ఊళ్లోనే కంప్యూటరు, దాని ముందు జీతమిచ్చి కూర్చోబెట్టిన మనిషి. నా మటుకు ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ మనిషికి అప్‌లోడ్ చేసే పని ఇచ్చారు గానీ, తప్పు దిద్దే అధికారం ఇవ్వలేదు. టికెట్ రైజ్ చేయడంతో, అంటే ఫిర్యాదును పైకి నమోదు చేయడంతో, అతని బాధ్యత అయిపోయింది. అది ఎవరి దగ్గర ఆగిందో అతనికీ తెలీదు.

ఊరి భూముల లెక్కలు రాసిన కరణాలు 1984లో రద్దయ్యారు. వాళ్లు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కరణం కలం పోటుకు పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు మా వైపు ఉన్నాయి. కాకపోతే తప్పు రాసిందెవరో ఊరందరికీ తెలిసేది. పోయి తిట్టడానికైనా ఒక గుమ్మం ఉండేది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో దిద్దుబాటు హక్కు ఉందిగా అనొచ్చు. ఉంది. కానీ 12వ సెక్షన్ ఆ హక్కును మనం సమ్మతి ఇచ్చిన సమాచారానికే ఇచ్చింది. సబ్సిడీలు, ప్రయోజనాల కోసమైతే, తన డేటాబేసుల్లో ఉన్న వివరాలను ప్రభుత్వం కొత్తగా సమ్మతి అడక్కుండానే వాడుకోవచ్చని 7వ సెక్షన్ అంటోంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మా పెద్దమ్మ మీటరు ఏ గట్టున పడుతుందో చెప్పడం కష్టం. పైగా ఆ చట్టం కింద వచ్చే బోర్డు వీలైనంతవరకూ డిజిటల్ ఆఫీసుగానే పనిచేయాలట. ఆమె మళ్లీ ఆ కుర్రాడి టేబుల్ దగ్గరికే రావాలి.

కింద అధికారమిస్తే చెయ్యి తడపనిదే పని జరగదంటారు. ఉత్త భయమేం కాదది. కానీ కరణం చిట్టాలో లేనిది కంప్యూటరులో ఒకటి పెట్టొచ్చు: ఏ లాగిన్ నుంచి ఏ తేదీన ఏం మార్చారన్న జాడ. మండలంలో ఒక అధికారికి అన్ని శాఖల తప్పులూ దిద్దే అధికారం, దానికో గడువు ఇవ్వాలి. ఫిర్యాదు తేలేదాకా పథకం ఆపకూడదు. కొత్త పోర్టల్ కంటే దీనికయ్యే ఖర్చు తక్కువే, కాకపోతే శాఖలు తమ పాస్‌వర్డులు వదులుకోవాలి. అక్కడే పేచీ.

పెద్దమ్మ దగ్గర ఇప్పుడు మూడు ప్రింటవుట్లున్నాయి, పాస్‌బుక్కుతో పాటు ప్లాస్టిక్ కవర్లో. మూడింటి అడుగునా ఒకటే లైను: ఇది కంప్యూటరు ద్వారా వచ్చిన పత్రం, సంతకం అవసరం లేదు.