రికార్డుకి భంగం కలగకుండా షెల్ మార్పిడి

తిరుపతిలో పరిశోధన చేసే విద్యార్థులకి ఈమధ్య ఒక దురాశ పట్టుకుంది. ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లోకి లాగిన్ కాగానే తమకి నచ్చిన షెల్, అంటే మనం కొట్టే ఆదేశాలు అందుకుని నడిపే ప్రోగ్రాం, రావాలట. అక్కడి పెద్దలు ఇచ్చింది టీసీషెల్, 1970ల చివర్లో బిల్ జాయ్ రాసిన సీ షెల్ వంశం. వీళ్లు అడిగేది జెడ్‌షెల్. అదేదో నిన్న మొన్నటిదనుకునేరు. 1990లో పుట్టింది, అడిగేవాళ్లకంటే వయసులో పెద్దది.

నిబంధనలు మాత్రం ఎంత ఉదారమైనవో చూడండి. షెల్ మార్చుకోవడానికి సీహెచ్‌ఎస్‌హెచ్ అనే ఆదేశం అందరికీ ఉంది. కాకపోతే ఈటీసీ అనే సిస్టమ్ డైరెక్టరీలోని షెల్స్ ఫైలులో పేరున్నదాన్నే ఎంచుకోవాలి. ఆ ఫైలులో పేరు ఎక్కించే హక్కు సర్వర్‌కి సర్వాధికారి అయిన రూట్ ఖాతాదే. పోనీ ఉన్నదాన్నే ఎంచుకుందామంటే, ఖాతాలన్నీ ఎల్‌డాప్ అనే ఉమ్మడి చిట్టాలో ఉన్నచోట ఆ ఆదేశం స్థానిక ఖాతాలు తప్ప ముట్టుకోనంటుంది. పాస్‌వర్డ్ కొట్టి దర్జాగా లోపలికొచ్చిన మనిషితో "నీ పేరు మా రిజిస్టర్లో లేదు నాయనా" అనగలగడం అసలైన పరిపాలన. "మరి ఎవుర్ని కలవాల సామీ?" అంటే అడ్మిన్‌కి మెయిల్ పెట్టమంటారు. ఎదురుచూడటం మన పని, జవాబివ్వకపోవడం ఆయన పని.

ఈ విద్యలో మన ఊరికి అనుభవం ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి చిత్తూరు నుంచి విడిపోయి సొంత జిల్లా అయింది. అయినా ఎందరి ఆధార్ కార్డుల్లో ఇంకా చిత్తూరు జిల్లా అనే లేదు? కార్డు అక్కడ, కాపురం ఇక్కడ, ఎవరికీ కడుపునొప్పి లేదు. షెల్ విషయంలోనూ రికార్డుని కదపకుండా కాపురం మార్చేయడమే.

ముందు జెడ్‌షెల్ సోర్సు తెచ్చుకుని, ప్రిఫిక్స్‌గా, అంటే ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా, సొంత హోమ్ డైరెక్టరీ చూపించి కంపైల్ చేసుకోవాలి. దానికి కావాల్సిన ఎన్‌కర్సెస్ అనే లైబ్రరీ లేదని మొరాయిస్తే దాన్నీ అలాగే. తర్వాత, లాగిన్ అయినప్పుడు టీసీషెల్ చదివే డాట్ లాగిన్ ఫైలు చివర ఎగ్జెక్ అని రాసి కొత్త షెల్ దారి చూపించాలి. దాంతో టీసీషెల్ తన కుర్చీని, ప్రాసెస్ నంబర్‌తో సహా, జెడ్‌షెల్‌కి అప్పగించి మాయమవుతుంది. ఇంత హుందా అయిన పదవీ విరమణ ఈ జిల్లాలో ఇంతవరకు జరగలేదు. షెల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని కూడా మార్చాలి, లేదంటే ఒకే తెరమీద చాలా టెర్మినళ్లు నడిపే టీమక్స్ తెరవగానే పాతాయన మళ్లీ ప్రత్యక్షం.

కొందరు ఉత్సాహవంతులు ఈ పంక్తిని డాట్ సీఎస్‌హెచ్‌ఆర్‌సీలో పెడతారు. ఫైళ్లు అటూ ఇటూ పంపే ఎస్‌సీపీ వచ్చినప్పుడు కూడా టీసీషెల్ చదివే ఫైలది. ఆ రోజు నుంచి ఫైళ్లు కదలవు, నింద నెట్‌వర్క్ మీద పడుతుంది.

సర్వర్‌లో అప్‌గ్రేడ్ పేరుతో జెడ్‌షెల్‌కి కావాల్సిన ఏదో లైబ్రరీ తీసేస్తే, లాగిన్ కాగానే లాగౌట్ అయిపోతారు. అందుకే జెడ్‌షెల్‌ని ముందు ఒకసారి నడిపి చూసే షరతు రాసుకోవాలి. రాసుకోనివాళ్లు టెన్షన్ పడి అడ్మిన్‌కి ఇంకో మెయిల్ పెట్టనక్కర్లేదు. దూరపు సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశం వెనకే డాట్ లాగిన్ పేరు మార్చే ఆదేశం తగిలిస్తే చాలు. అప్పుడు నడిచేది లాగిన్ షెల్ కాదు, ఆ ఫైలు జోలికే పోదు.

ఒకవేళ అడ్మిన్ కరుణించి నిజంగానే షెల్ మార్చేస్తే? జెడ్‌షెల్ డాట్ లాగిన్‌ని చదవదు కనక గొడవేమీ ఉండదు. అయినా పీహెచ్‌డీ అయ్యేలోపు ఆ మెయిల్‌కి జవాబొస్తుందేమోనని భయపడేవాళ్లు తిరుపతిలో నాకింతవరకు తారసపడలేదు.