ప్రీమియం డీటెయిలింగ్ ప్యాకేజీ గారికి బహిరంగ లేఖ

కార్లను లోపలా బయటా కడిగి మెరిపించు మహారాజశ్రీ ప్రీమియం డీటెయిలింగ్ ప్యాకేజీ గారి సముఖమునకు, ఒక పాత కారు యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమందరం క్షేమం. అమ్ముడుపోవలసిన మా కారు కూడా తమ దయవల్ల మా సెల్లారులోనే క్షేమంగా ఉన్నది.

ఆషాఢంలో బండి కొనేవాడు దొరకడు కనుక శ్రావణం దాకా ఆగి, శుభ్రం చేయిస్తే ధర పెరుగుతుందన్న మీ మాట నమ్మి, 6,500 రూపాయలు చెల్లించి దానిని మీ చేతుల్లో పెట్టాను. పైపనికి వంక పెట్టను. మీరు పాలిష్ పెట్టిన బానెట్‌లో ముఖం చూసుకుంటే, ఈ పదకొండేళ్లలో కారు కంటే నేనే ఎక్కువ అరిగానని తెలిసింది. టైర్లకు పూసిన నలుపు నా ప్యాంటుకు అంటింది, అదీ క్షమించాను.

నా బాధంతా సీట్ల గురించి. శ్రావణపు ముసురులో సీట్లకూ కార్పెట్‌కూ షాంపూ పట్టించి, వాక్యూమ్‌తో ఒక్కసారి పీల్చి, తడి ఆరకుండానే తలుపులు మూసి, మల్లెపూల సెంటు కొట్టి ఇచ్చారు. మూడో రోజుకు మల్లెలు వాడిపోయి చెరువు వాసన లేచింది. సరిగ్గా అప్పుడే ఒక కుర్రవాడు మేనమామను వెంటబెట్టుకుని కారు చూడడానికి వచ్చాడు. ఆ పెద్దమనిషి తలుపు తీసి, ఒకసారి గాలి పీల్చి, "సార్, బండి నీళ్లల్ల మునిగిందా?" అని అడిగాడు.

2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీల్లో కార్లు కొట్టుకుపోవడం చూసినవారెవరూ ఆ ప్రశ్నను తప్పుపట్టలేరు. ఆయన సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార కోసం వెతికాడు, సీట్ల కింది బోల్టులకు తుప్పు ఉందేమో చూశాడు, స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే నా నేరమైంది. "మొత్తం కడిగిపిచ్చిన్రు అల్లుడా" అన్నాడు. సర్వీసు రికార్డులు చూపిస్తే, వాటిని కూడా షాంపూతో కడిగించానా అన్నట్లు నా వైపు చూశాడు. చివరికి 60,000 తగ్గిస్తే ఆలోచిస్తామని చెప్పి వెళ్లారు. ఇప్పటిదాకా ఆలోచిస్తూనే ఉన్నారు.

అయ్యా, ఆ వరద రాత్రి సెల్లారులోకి నీరు దిగకముందే లుంగీతోనే పరుగెత్తి, ఈ కారును ఫ్లైఓవర్ మీదికి ఎక్కించి, తెల్లవార్లూ అందులోనే కూర్చున్నవాడిని నేను. వరద ముంచలేని బండిని మీరు బకెట్టు నీళ్లతో ముంచారు. వెనుక సీటు మీద తిరుమల ప్రయాణంలో ఒలికిన పులిహోర నూనె మరక ఒకటి ఉండేది. మా ఆవిడ ఎన్నిసార్లు రుద్దినా పోని ఆ మరకే ఉండి ఉంటే, ఇది సంసారం చేసిన బండే తప్ప చెరువులో తేలిన బండి కాదని ఆ మేనమామ చూడగానే గ్రహించేవాడు. నా తరఫున ఉన్న ఒక్క సాక్షిని కూడా మీరే చెరిపివేశారు, పైగా దానికి అదనంగా 500 తీసుకున్నారు!

నిన్న డ్రైవరు సీటు కింద చెయ్యి పెడితే, మీవాళ్లు మరచిపోయిన తడిగుడ్డ బూజు పట్టి దొరికింది. దానిని సెల్లారు గోడ మీద ఆరవేశాను. వచ్చి పట్టుకుపోండి.

ఇట్లు,
తలుపులు నాలుగూ తెరిచి ఎండ కోసం ఎదురుచూస్తున్న యజమాని