స్ట్రెంగ్త్ 90, క్వాలిటీ 0: డిజిటల్ సిగ్నల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డిజిటల్ సిగ్నల్ గారికి,
93.5 డిగ్రీల తూర్పు, భూమధ్యరేఖకు నేరుగా పైన, ఆకాశం.

ఉపగ్రహం నుంచి మా మిద్దె మీది డిష్‌లోకి దిగివచ్చే దూరదర్శన్ ఉచిత టీవీ సిగ్నల్ గారూ, తిరుపతిలో కపిలతీర్థం దగ్గరి ఒక వీధి నుంచి మీ వీక్షకుడు రాసుకున్నది. క్షేమమా అని అడగడం లేదు. మీ క్షేమసమాచారం మాకు రెండు రకాలుగానే తెలుస్తుంది: ఉంటే బౌలర్ నుదుటి మీద చెమట బొట్లు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటారు, లేకపోతే అసలు ఉండరు. ఒంట్లో కొంచెం నలతగా ఉంది, ఈ పూటకు ఇలా సర్దుకోండి అనే మాటే మీ దగ్గర లేదు. నా గొడవంతా దీని గురించే.

మీకు ముందు మా మిద్దె మీద ఇంకొకాయన ఉండేవాడు. అల్యూమినియం పుల్లల యాంటెన్నా. మొన్న 2022 మార్చి 31 నాటికి దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను, ముఖ్యమైన చోట్ల కొన్ని తప్ప, అన్నీ ఆపేశాక ఆయనకు పని లేకుండా పోయింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు లెండి, బట్టల తీగ ఒక కొస ఆయనకే కట్టాం. ఆయన గుణం ఏమిటంటే బేరానికి వచ్చేవాడు. గాలికి కాస్త తిరిగితే బొమ్మ మీద చుక్కలు పడేవి, ఇంకాస్త తిరిగితే గీతలు వచ్చేవి, పూర్తిగా చెడితే బొమ్మ పోయి మాట మిగిలేది, ఆ మాట వింటూనే వార్తలు ముగించేవాళ్లం. అన్నిటికంటే గొప్ప సంగతి, సిగ్నల్ నేరుగా ఒకసారి వచ్చి, మా కొండకు తగిలి రవ్వంత ఆలస్యంగా ఇంకోసారి వచ్చేది కాబట్టి వార్తలు చదివే ఆవిడ పక్కనే నీడలాగా ఇంకో ఆవిడ కూర్చునేది. ఏడుకొండలవాడి దయవల్ల మాకు అందరూ జంటగానే కనిపించేవాళ్లు.

చెడిపోయినప్పుడు బాగుచేసే పద్ధతి కూడా ఇంటిల్లిపాదికీ తెలుసు. నాయన మిద్దె మీద పైపు పట్టుకుని, నేను మెట్ల మీద, అమ్మ టీవీ ముందు.

"వచ్చిందా?"
"రవ్వంత వచ్చింది!"
"ఇంకా తిప్పేదా?"
"తిప్పమను... ఆ, ఆ... పోయింది పోయింది! ఎనక్కి తిప్పమని చెప్పరా మీ నాయనకి!"

వీధంతా వినిపించే ఈ కేకల్లో ఎంత ఇంజనీరింగ్ ఉండేదో మీరు వచ్చాకే తెలిసింది. పైపు అంగుళం తిరిగితే అంగుళానికి జవాబు వచ్చేది, బాగవుతోందా చెడిపోతోందా అని బొమ్మే చెప్పేది. మీరో, నీలం తెర మీద "నో సిగ్నల్" అని ఒకటే ముక్క రాసి పెట్టి కూర్చుంటారు. అరంగుళం దూరంలో ఉన్నామా, ఆమడ దూరంలో ఉన్నామా? చెప్పరు. ఒకవేళ సరిగ్గా దొరికినా వెంటనే ఒప్పుకోరు, టీవీకి తగిలించిన సెట్‌టాప్ బాక్సు మిమ్మల్ని పట్టుకోవడానికి కొన్ని క్షణాలు తీసుకుంటుంది, ఆలోగా పైనున్నవాడు మిమ్మల్ని దాటిపోయి ఉంటాడు. 60 సెంటీమీటర్ల డిష్‌కు చూపు వెడల్పు రెండు మూడు డిగ్రీలే కదా, ఒక్క పిసరు తిప్పి, ఆగి, మనసులో పది లెక్కపెట్టి, మళ్లీ పిసరు తిప్పాలి. ఇది మిద్దె మీద మే నెల ఎండలో చేయాలి.

ఇక ఆ బాక్సు మెనూలో మీరు పెట్టించిన రెండు గీతల సంగతి. స్ట్రెంగ్త్, క్వాలిటీ. మా బావమరిది మొదటిసారి చూసి "బావా, స్ట్రెంగ్త్ 90 ఉంది, ఇంకేం, వచ్చేసినట్టే" అని కింద నుంచి ఎగిరాడు. క్వాలిటీ 0. డిష్‌ను నేల వైపు తిప్పినా ఆ 90 పెద్దగా తగ్గలేదు! డిష్ కొసన ఉండి మిమ్మల్ని అందుకునే డబ్బా, అదే ఎల్‌ఎన్‌బీ, దానికి కరెంటు అందితే చాలు, దాని సొంత గోల (పనికిరాని నాయిస్), ఇంకే ఉపగ్రహం నుంచో వచ్చే గోల కలిపి ఆ మొదటి గీత నిండిపోతుంది. మీరు నిజంగా వచ్చారా లేదా అన్నది రెండో గీతకే తెలుసు. అలాంటప్పుడు మొదటి గీత దేనికండీ? ఇంటర్వ్యూకు వచ్చినవాడి బయోడేటాలో "ఎత్తు" అని రాసుకున్నంత ఉపయోగం కూడా లేదు. డిష్ బిగించే అబ్బాయిలకు ఈ గుట్టు తెలుసు కాబట్టే మొదటి గీత చూపించి డబ్బులు తీసుకుని బండెక్కుతారు.

మీరు వచ్చే దిక్కు గురించి కూడా ఒక మాట. తిరుపతి నుంచి చూస్తే మీరు ఆగ్నేయంలో, 67 డిగ్రీల ఎత్తులో, దాదాపు నెత్తి మీద ఉంటారు. కానీ డిష్ చూడబోతే ఎదురింటి నీళ్ల ట్యాంకును గుచ్చి చూస్తున్నట్టు ఉంటుంది. ఎల్‌ఎన్‌బీ అడ్డం రాకుండా డిష్‌ను వంకరగా కోసి తయారుచేస్తారట, అందుకని అది చూసే చోటు ఒకటి, చూస్తున్నట్టు కనిపించే చోటు ఇంకొకటి. ఈ మోసం వల్ల మా వీధిలో ఎన్ని తగాదాలు. ఎదురింటాయన యాత్రికులకు అద్దెకిద్దామని మూడో అంతస్తు లేపితే "మీ గోడ వల్లే మా టీవీ పోయింది" అని వెళ్లి నిలదీసినవాళ్లు ఉన్నారు. ఆ గోడ మీకు ఏ మూలా అడ్డం రాదు. అసలు దోషి ఇవతలే, కేబుల్ కొసన వదులుగా ఉన్న కనెక్టర్‌లో చేరిన నీళ్లు. దాదాపు 36 వేల కిలోమీటర్లు దిగి వచ్చినవారు మా మెట్ల దగ్గర ఆకుపచ్చగా చిలుము పట్టిన రాగి తీగ చూసి వెనక్కి పోతారా?

(బూస్టర్ కొనమని సలహా ఇచ్చే అంగడివాళ్లకు ఓ నమస్కారం. అది ఉన్నదాన్ని పెంచుతుంది, గోలను కూడా అంతే భక్తితో పెంచుతుంది.)

ఉచితంగా వచ్చేవాళ్లను ఇంత నిలదీస్తారా అని మీకు కోపం రావచ్చు. నిజమే, 2004 డిసెంబరులో దూరదర్శన్ ఈ ఉచిత డిష్ మొదలుపెట్టినప్పటి నుంచీ నెలనెలా కట్టేది పైసా లేదు. కానీ మీరు మాట్లాడుతున్నది తిరుపతి వాళ్లతో. ఉచితం అంటే ఏమిటో మాకు చెప్పకండి. సర్వదర్శనానికి పోతే కంపార్ట్‌మెంట్‌లో ఎన్ని గంటలు కూర్చోబెట్టినా, చివర్లో ఎంత తోసినా, రెండు క్షణాలైనా దర్శనం అవుతుంది. "నో దర్శన్" అని బోర్డు చూపించి ఇంటికి పంపరు.

పైగా ఈ సాంకేతికత మాకు కొత్తేమీ కాదు. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట మా జిల్లాలోనే ఉంది. మిమ్మల్ని మోస్తున్న జీశాట్-15 మాత్రం 2015 నవంబరులో దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి ఎగిరింది, అది వేరే సంగతి. మన గడప తొక్కకుండా పైకి పోయినందుకే ఈ బెట్టు అని మా వీధిలో ఒక వాదన ఉంది. ఇక చిత్తూరు దారిలో గాదంకి దగ్గర వాతావరణ పరిశోధన వాళ్ల రాడార్ చూశారా? మా మిద్దె మీది పెద్దాయన వంశస్థులే, యాగీ యాంటెన్నాలు, 130 మీటర్ల చదరంలో ఏకంగా 1024. 53 మెగాహెర్ట్‌జ్ మీద పని చేస్తాయి, అలల పొడవు ఐదారు మీటర్లు, వాన చినుకును పట్టించుకోవు, వానలోనే నిలబడి పైన గాలి ఎటు పోతోందో చూస్తాయి. మీ అల రెండున్నర సెంటీమీటర్లు. పెద్ద చినుకు పడితే చాలు, అందులో కరిగిపోతారు.

మాకు వానలు ఎప్పుడో తెలుసు కదా? అక్టోబరు, నవంబరు, ఈశాన్య రుతుపవనాలు. 2021 నవంబరులో ఊరు ఊరంతా నీళ్లలో ఉన్నప్పుడు జనం చూడాలనుకున్నది ఒక్కటే, వాన ఎప్పుడు తగ్గుతుంది అని. మీరేమో వాన తగ్గాక, ఎండ కాస్తుండగా, భారీ వర్ష సూచన చూపిస్తారు. అంతకు ముందు యాంకర్ ముఖం గళ్లుగళ్లుగా విడిపోయి, నోరు ఒక పక్క, కన్ను ఒక పక్క ఆగిపోతుంది, "తీర ప్రాంత ప్రజలు..." అని మాట కూడా సగంలో తెగుతుంది. తీర ప్రాంత ప్రజలు ఏం చేయాలో మాకు ఈ రోజుకీ తెలియదు.

డిష్ వద్దు, డిజిటల్‌లోనే నేల మీది రకం ఉంది, మామూలు ఏరియల్‌తో వస్తుంది, వానకు చెదరదు అని చదువుకున్నవాళ్లు చెబుతారు. ఉంది. 2016లో 16 నగరాల్లో మొదలుపెట్టారు. ఆ జాబితాలో చెన్నై ఉంది, బెంగళూరు ఉంది, ఒక్క తెలుగు ఊరు లేదు. చెన్నై మాకు రోడ్డు దారిన 130 కిలోమీటర్ల పైచిలుకు. దోసెలు, చీరలు, పెళ్లి సంబంధాలు అక్కడి నుంచి వస్తాయి, టవర్ సిగ్నల్ రాదు.

కొత్త టీవీల్లో బాక్సు అవసరం లేకుండా లోపలే ట్యూనర్ పెట్టేలా 2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణం ప్రకటించింది. సంతోషం. బాక్సు లోపలికి పోయినా డిష్ మిద్దె మీదే ఉంటుంది, కోతులూ అక్కడే ఉంటాయి. కొండ దిగి వచ్చే మా కోతులకు డిష్ అంచు మీద కూర్చుని కొబ్బరి చిప్ప తినడం అలవాటు. ఒకటి కూర్చుంటే క్వాలిటీ 70 నుంచి 40కి పడుతుంది, పిల్లను కూడా తెచ్చుకుంటే 0. గట్టిగా తరిమితే డిష్‌ను తన్ని దూకుతాయి, దాంతో మళ్లీ తిప్పడం, పది లెక్కపెట్టడం. అందుకని మా అవ్వ ఇప్పుడు మ్యాచ్ మొదలయ్యే ముందు మిద్దె ఇంకో చివర అరటిపళ్లు పెట్టి వస్తోంది. మా ఇంట్లో మీకు కట్టే నెల చందా అదే.

కాబట్టి నేను అడిగేది హెచ్‌డీ కాదు, ఇంకో వంద చానెళ్లు కాదు. పోయేటప్పుడు ముందు బొమ్మ తీసుకెళ్లి మాట ఉంచి పోండి, అంతే. వీలు కాదంటే ఆ మొదటి గీతనైనా మెనూలోంచి తీసేయించండి, మా బావమరిది ఇంకా దాన్నే నమ్ముతున్నాడు.

ఇట్లు,
మిద్దె మీద స్పానర్‌తో నిలబడ్డ మీ వీక్షకుడు.

తా.క.: ఎల్‌ఎన్‌బీ మూతికున్న ప్లాస్టిక్ మూతను కోతి పీక్కుపోయింది. ప్రస్తుతానికి పెరుగు డబ్బా మూత పెట్టి టేపు చుట్టాను. క్వాలిటీ 62 చూపిస్తోంది, దయచేసి కదలకండి.